ఇంగ్లండ్ పొలాల్లో పావురాల వేట: రైతుతో మాట, చేలో మాటు

ఇంగ్లండ్‌లో పంటలు తినే ఉడ్ పిజన్లనే అడవి పావురాల వేటకు వెళ్లేవాళ్ల చికాకులు చాలావరకు తుపాకీ చేతికి రాకముందే మొదలవుతాయి. "చేనంతా పిట్టలే, వెంటనే రండి" అని రైతు ఫోన్ చేస్తాడు. సామాను మోసుకుని వెళ్లేసరికి చేలో ఒక్కటీ ఉండదు. రైతు అబద్ధమాడలేదు. నిన్న ట్రాక్టర్ మీంచి చూసింది ఇవాళ తీరిక దొరికాక చెప్పాడు. ఈలోగా పక్క పొలంలో బఠాణీ విత్తితే మంద మొత్తం అటు మళ్లిపోతుంది. కబురు అందగానే బయల్దేరండి, కానీ తుపాకీ బదులు బైనాక్యులర్స్ తీసుకుని.

అంతకన్నా ముందు కాగితాల పని. సరదాకని కాల్చడానికి చట్టం ఒప్పుకోదు. పంటకు తీవ్రమైన నష్టం ఆపడానికైతే జీఎల్42 అనే జనరల్ లైసెన్సు (విడిగా దరఖాస్తు అక్కర్లేని, అందరికీ వర్తించే అనుమతి) వర్తిస్తుంది. పెద్ద చప్పుడుతో మోగే గ్యాస్ గన్‌లు, దిష్టిబొమ్మల్లాంటి బెదరగొట్టే పద్ధతులు వాడి ఉండాలి, లేదా అవి ఇక్కడ ఎందుకు పనికిరావో చెప్పగలగాలి. 2019 ఏప్రిల్‌లో పాత లైసెన్సులు ఉన్నట్టుండి రద్దయి, వేటగాళ్లూ రైతులూ కలిసి ఇబ్బంది పడ్డారు. అందుకే ఏటా తాజా షరతులు చదవాలి. ఏ చేలో ఏ నష్టం చూశారో, రైతు ఏం ప్రయత్నించాడో తేదీతో ఒక పుస్తకంలో రాసుకోండి. మెడ మీద, రెక్క మీద తెల్లచార లేని పావురం కనిపిస్తే కాల్చకండి. అది స్టాక్ డవ్ అనే వేరే జాతి పావురం కావచ్చు, దానికి చట్టరక్షణ ఉంది.

అనుమతి నోటిమాటతో సరిపెట్టుకోకుండా రాయించుకోండి. భూమి ఎవరిది, సాగు ఎవరిది, వేట హక్కు ఎవరిది అన్న మూడు ప్రశ్నలూ అడగండి. కౌలుదారు సరేనన్నా వేట హక్కు ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. మ్యాప్ తీసుకెళ్లి హద్దులు, కాలిబాటలు, పశువులుండే చోట్లు రైతు చేతే గుర్తు పెట్టించుకోండి. ఫెజెంట్ అనే వేటపక్షి సీజన్ అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా. ఆ రోజుల్లో అడవి అంచున తుపాకీ మోగితే ఆ వేటపక్షులను కాపాడే గేమ్‌కీపర్‌తో తగవు ఖాయం, ముందే ఆయనతోనూ మాట్లాడండి. ఇంకెవరికైనా అనుమతి ఇచ్చారా అని కూడా మొహమాటం లేకుండా అడగాలి. రైతుకు తుపాకులు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది, కాబట్టి అడిగిన ప్రతివాడికీ సరే అంటాడు. ఒకే చేలో ఇద్దరు ఎదురుబొదురుగా మాటు వేయడం ప్రమాదం కూడా. ఆ రెండోవాడి ఫోన్ నంబరు తీసుకుని రోజులు పంచుకోండి. కోతలప్పుడు, గొర్రెలు ఈనేటప్పుడు రైతుకు ఫోన్ చేయకండి, రెండు ముక్కల మెసేజ్ చాలు.

ఇక చేను చూడటం. ఇక్కడ పెట్టిన సమయం ఎక్కడా వృథా పోదు. ఉదయం పదింటికల్లా దూరంగా ఆగి, కనీసం గంటసేపు పిట్టలను లేపకుండా చూడండి. ఎటునుంచి వస్తున్నాయి, ఏ కంచె వెంబడి, ఏ చెట్టు మీద ఆగి దిగుతున్నాయి అన్నది ముఖ్యం. ఉడ్ పిజన్లు గాలి మారేదాకా దాదాపు ఒకే దారిన ఎగురుతాయి. శీతాకాలంలో ఆయిల్‌సీడ్ రేప్ (ఆవాల జాతి నూనెగింజ) చేను, వసంతంలో కొత్తగా విత్తిన బఠాణీ, జూలై ఆగస్టుల్లో వాలిపోయిన బార్లీ, ఆ తర్వాత కొయ్యకాళ్లు: ఈ వరుసలో వెతకండి.

మాటు ఆ దారి కింద, కంచెను ఆనుకుని, గాలి వీపు మీదుగా వీచేలా కట్టాలి. పావురం గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి నేరుగా మీ ముందుకే వస్తుంది. పదిహేను ఇరవై దీమం పిట్టలను (ఎరగా పెట్టే బొమ్మ పావురాలను) గుర్రపు నాడా ఆకారంలో, ఒకటిన్నర రెండు మీటర్ల ఎడంగా, ముక్కులు ఇంచుమించు గాలి వైపు ఉండేలా పెట్టండి. నాడా తెరిచిన వైపు మీకు అవతలగా ఉండాలి. మధ్య ఖాళీ మాటుకు 20–25 మీటర్ల దూరంలో రావాలి, పిట్టలు దిగేది అక్కడే. 12 బోర్ తుపాకీ, 28 లేక 30 గ్రాముల 6 నంబరు రవ్వల తూటా సరిపోతుంది. 35 మీటర్లు దాటితే కాల్చకండి, గాయపడిన పిట్ట పోయి ఎక్కడో చస్తుంది. తూటాలో మందుకూ రవ్వలకూ మధ్య ఉండే వాడ్ (బిరడా) ఫైబర్‌దే కొనండి. మేతలో ప్లాస్టిక్ కనిపిస్తే పశువులున్న రైతు మళ్లీ గేటు తీయడు.

పిట్టలు దగ్గరికొచ్చి ఒక్కసారిగా పక్కకు తిరిగిపోతుంటే ముందు మీ ముఖం, చేతులు కప్పండి. తర్వాత మాటు వెనక చూడండి. వెనక ఆకులు లేకుంటే మీ ఆకారం ఆకాశానికి ఎదురుగా నల్లగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ దీమాలు తడిసి మెరుస్తుంటే తుడవండి. దీమాలను గుండ్రంగా తిప్పే యంత్రం పెట్టి ఉంటే అది కూడా కారణం కావచ్చు. తుపాకుల మోత ఎక్కువగా విన్న చోట పావురాలు దాన్ని చూసి బెదురుతాయి. దాన్ని తీసేసి అరగంట చూడండి. గాలే లేని రోజున దీమాలు పెద్దగా పనిచేయవు, దారి కిందే నిలబడి కాల్చడం మేలు. రైతు పెట్టిన గ్యాస్ గన్ పక్క చేలో మోగుతుంటే ఆపమని అడగకండి, వేటాడే చేలోది మాత్రమే ఆయన అనుమతితో ఆపి, వెళ్లేముందు తిరిగి మోగేలా పెట్టండి.

చేలో నడక ట్రాక్టర్ చక్రాల గాడుల వెంటే. తడి నేల మీదికి బండి తోలకండి. గేటు ఎలా ఉందో అలాగే వదలండి. ఖాళీ తూటాలన్నీ ఏరండి, పడిన పిట్టలను కంచె అవతలిదాకా వెతకండి. పిట్టలను చల్లని, గాలి ఆడే సంచిలో పెట్టి మాంసానికి వాడండి, లేదా వేటమాంసం కొనే గేమ్ డీలర్‌కు ఇవ్వండి. ఒకటి రెండు పిట్టల గొంతుసంచి కోసి చూస్తే ఏం తిన్నాయో తెలుస్తుంది. ఆ ముక్క రైతుకు చెప్పండి: "ఇవాళ 40 పడ్డాయి, గొంతులో నీ బఠాణీ లేదు, అంతా క్లోవర్ ఆకే." ఎన్ని పడ్డాయన్నదానికన్నా ఈ సమాచారం ఆయనకు ఎక్కువ పనికొస్తుంది, గ్యాస్ గన్‌లు ఏ చేనికి మార్చాలో తేల్చుకుంటాడు. రాలేని రోజున మాత్రం పిలిచిన గంటలోపే రాలేనని చెప్పేయండి, ఇంకొకరిని పిలుచుకునే వీలుంటుంది.