లీకు మొదలయ్యేది ట్యాంకు దగ్గర కాదు, వాల్వు దగ్గర

ఇంధన డిపోలో గ్యాస్ లీక్ అనగానే అందరి చూపూ పెద్ద ట్యాంకు మీదికే పోతుంది. ట్యాంకు గోడకి చిల్లు పడటం అరుదు. రోజూ చెయ్యి పడే చోట్లే చూసుకోవాలి, అంటే డ్రెయిన్ వాల్వులు (అడుగున చేరిన నీళ్ళు తీసేవి), లోడింగ్ హోసులు (ఇంధనం ఎక్కించే, దించే గొట్టాలు), ఫ్లాంజ్ జాయింట్లు (పైపుల అంచులు బోల్టులతో కలిపే చోట్లు).

అన్నిటికంటే డ్రెయినింగ్ దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. ఎల్‌పీజీ ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు తీసేటప్పుడు వెనకాలే ద్రవంగా ఉన్న గ్యాస్ కూడా వస్తుంది, అది ఒక్కసారిగా ఆవిరవుతూ చల్లబడి వాల్వుని మంచు కట్టించి బిగించేస్తుంది, అందుకే అక్కడ ఒకదాని కింద ఒకటి రెండు వాల్వులు పెడతారు. ట్యాంకు వైపుది ముందు పూర్తిగా తెరవండి, కిందిదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నీళ్ళు వదలండి. కిందిది బిగుసుకుపోయినా పైది మూసెయ్యొచ్చు. 1966లో ఫ్రాన్స్‌లోని ఫేజాన్ రిఫైనరీలో ఈ వరుస తిరగబడింది, ప్రొపేన్ (ఎల్‌పీజీలో ఉండే గ్యాస్) ఆగలేదు, 18 మంది చనిపోయారు. పని అయ్యాక కూడా ముందు పైదే మూయండి, మధ్యలో మిగిలింది పోయాక కిందిది. రెండూ మూసి మధ్యలో ద్రవం చిక్కితే, ఎండకి అది వ్యాకోచించి పైపునే పగలగొట్టగలదు. డ్రెయిన్ తెరిచి రెండు నిమిషాల్లో వస్తా అని పక్కకి మాత్రం వెళ్ళొద్దు.

ట్యాంకు నింపేటప్పుడు మట్టం చూపించే గేజ్ ఒక్కదాన్నే నమ్మకండి. 2005లో ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్‌లో గేజ్ ఇరుక్కుపోయింది, ఆఖరి రక్షణగా ఉన్న హై లెవెల్ స్విచ్ (మట్టం మరీ పెరిగితే నింపడం ఆపేది) కూడా పనిచెయ్యలేదు, పెట్రోల్ పొంగి ఆవిరి మేఘమై పేలింది. ఇంధనం లోపలికి వస్తూ ఉంటే అంకె కదలట్లేదంటే అదే అలారం అనుకుని ఆపేయండి. హై లెవెల్ అలారం వేరే సెన్సర్‌తో ఉండాలి, దాన్ని నిజంగా మోగించి చూడాలి, కాగితం మీద టిక్కు పెడితే టెస్టు కాదు! ఎల్‌పీజీ అయితే ఆవిరికి చోటు వదలాలి, మామూలుగా 80–85 శాతం దగ్గర ఆపేస్తారు.

ట్యాంకర్ హోస్ ఊడదీయకుండానే డ్రైవర్ బండి కదిలించేసిన సందర్భాలున్నాయి. చక్రాలకి అడ్డు పెట్టించి, తాళం చెవి ఆపరేటర్ దగ్గరే ఉంచుకుంటే సగం టెన్షన్ పోతుంది.

గ్యాస్ డిటెక్టర్లు తలెత్తి చూసే ఎత్తులో బిగించేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీద పాకుతూ గుంటల్లో, కాలవల్లో చేరుతుంది, గాలిలో సుమారు 2 శాతం ఉంటే చాలు అంటుకోడానికి. కాబట్టి కింద పెట్టండి. ముక్కుని నమ్ముకోవద్దు, కాసేపటికి వాసన అలవాటైపోతుంది.

గ్యాస్కెట్ (జాయింటు మధ్య లీకు ఆపే పొర) ఎప్పుడు మార్చినా ప్రెషర్ ఎక్కించాక సబ్బునీళ్ళు రాసి బుడగలు చూడండి. రిపేరు కోసం ఏదైనా అలారం బైపాస్ చేస్తే, అంటే మోగకుండా పక్కన పెడితే, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని లాగ్‌బుక్‌లో రాసి, షిఫ్టు మారేటప్పుడు తర్వాతివాళ్ళకి చూపించి మరీ వెళ్ళండి.