బత్తాయి చెట్టు మీద పురుగు కనబడిందా? మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

మన నల్లగొండ వైపు బత్తాయి, నిమ్మ తోటల్లో కొత్త చిగురు పడిందంటే రైతుకు టెన్షన్ మొదలవుతుంది. పంపు భుజానికెత్తుకునే ముందు ఒక పది చెట్ల దగ్గర ఆగి చూడండి. అక్కడ పాకేవన్నీ పంటకు చెరుపు చేసేవి కావు.

తొడిమల దగ్గర తెల్లటి దూది, కింది ఆకుల మీద జిగురు, నల్లటి మసి

ఇది పిండినల్లి. అది వదిలే తియ్యటి జిగురు మీదే మసి పడుతుంది. ఆ జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాన్ని తినే పురుగులను దగ్గరికి రానివ్వవు. అందుకే ముందు చీమలను ఆపాలి. నేలకు తగిలే కొమ్మలు కోసేయండి, మొదలుకు పాలిథిన్ పట్టీ చుట్టి దాని మీద గ్రీజు పూయండి.

ఇప్పుడు ఆ దూదిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూడండి. ఒంటినిండా పొడుగాటి మైనపు పోగులతో, మిగతా వాటికన్నా పెద్దగా, చకచకా నడిచేది కనబడితే దాన్ని చంపకండి. అది పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పెద్దదయ్యాక నల్ల రెక్కలు, ఇటుక రంగు తల వస్తాయి. 1898లో దీన్ని ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు.

ఇది తెలియక ఒక ఏడాది నేను దుకాణంలో ఇచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టాను. వారంలో చెట్లు శుభ్రపడ్డాయి. నెల తిరిగేసరికి పిండినల్లి రెట్టింపయింది, తినే పురుగు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మీ తోటలో ఈ క్రిప్టోలీమస్ పురుగు లేకపోతే చెట్టుకు 10 చొప్పున సాయంత్రం పూట వదలొచ్చు. ఎక్కడ దొరుకుతుందో ఉద్యాన శాఖ వాళ్ళను గానీ కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడగండి.

చిగుర్లు మెలిపడి, వాటి మీద సన్నటి తెల్ల పోగులు

ఇది సిట్రస్ సిల్లా, చిగురు రసం పీల్చే చిన్న పురుగు. పెద్ద పురుగు వెనక భాగం పైకెత్తి కూర్చుంటుంది. ఆకులు పసుపెక్కి చెట్టు క్షీణించే గ్రీనింగ్ తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోసేది ఇదే, ఆ తెగులుకు మందు లేదు. పిల్ల పురుగులు గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయి, వీపున గుండ్రటి రంధ్రం ఉంటే టామరిక్సియా అనే చిన్న కందిరీగ పని చేస్తున్నట్టు. అవి తక్కువగా ఉండి సిల్లా ఎక్కువైతే మాత్రం ఆలస్యం చేయకండి. చిగురు పడే దశలోనే లీటరు నీటికి థయోమిథాక్సామ్ 0.3 గ్రాములు కలిపి కొట్టండి. పూత విచ్చుకున్నాక వద్దు, తేనెటీగలు చస్తాయి.

ఆకు మీద పాము పాకినట్టు వెండి గీతలు

ఆకుముడత పురుగు. పెద్ద చెట్లు తట్టుకుంటాయి, వదిలేయండి. లేత మొక్కలకైతే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి చిగురు మీద కొట్టండి. నిమ్మలో ఈ గాయాల నుంచే గజ్జి తెగులు లోపలికి వెళ్తుంది.

నిమ్మ ఆకు మీద పిట్ట రెట్టలాంటిది

సీతాకోకచిలుక గొంగళి. చేత్తో ఏరేస్తే చాలు.

పక్వానికొచ్చిన కాయకు సూది పొడిచినంత రంధ్రం, నొక్కితే రసం, రెండు రోజుల్లో రాలిపోవడం

పగలు ఎంత వెతికినా ఏమీ దొరకదు. ఇది రాత్రి వచ్చే రెక్కల పురుగు. దాని పిల్లలు బత్తాయి మీద పెరగవు, కంచె మీది తిప్పతీగ, దూసరితీగ తిని పెరుగుతాయి. ఆ తీగలను వేళ్ళతో పీకేయండి. రాలిన కాయలు ఏరి గోతిలో పూడ్చండి, ఆ పులిసిన వాసనకే అవి ఇంకా వస్తాయి. చీకటి పడ్డాక టార్చి వేసుకుని ఒక చుట్టు తిరగండి, కాయ మీద వాలిన పురుగుల కళ్ళు మెరుస్తూ కనబడతాయి.