హలాల్ పరిశ్రమ ఉద్యోగాలకు డిగ్రీ విద్యార్థులను ఎలా సిద్ధం చేయాలి?

హలాల్ (ఇస్లాం అనుమతించినది) అనగానే మన పిల్లలకు మాంసం కొట్టు బోర్డే గుర్తొస్తుంది. భీమవరం, కాకినాడ చుట్టూ రొయ్యల ప్లాంట్లు ఉన్న మన గోదావరి డెల్టాలో అసలు పని వేరే చోట ఉంది. సరుకులో ఏం కలిసింది, అది ఎక్కడి నుంచి వచ్చింది అన్నది కాగితాలతో చూపించగలగాలి. ఆక్వాకల్చర్, కెమిస్ట్రీ, కామర్స్ చెప్పే అధ్యాపకులు ఈ శిక్షణ తమ కాలేజీలోనే మొదలుపెట్టొచ్చు.

ముందు అపోహ తీయండి. ఇది ముస్లిం విద్యార్థులకే అనుకుని మిగతావాళ్లు వెనక్కి తగ్గుతారు. జబా, అంటే ఇస్లాం పద్ధతిలో జంతువును కోయడం, సాధారణంగా చేసేది ముస్లింలే, ఏది హలాలో తేల్చేది షరియా పండితులే. కానీ ల్యాబ్ పరీక్షలు, కొనుగోళ్లు, స్టోర్ రికార్డులు, ఎగుమతి పత్రాలు ఎవరైనా చూసుకోవచ్చు. కొన్ని దేశాల్లో కొన్ని పోస్టులు ముస్లింలకే ఇస్తారు. ఆ సంగతీ దాచకుండా చెప్పాలి.

ఊళ్లోని ఇస్లామిక్ ధర్మ పండితుడైన ఆలిమ్‌ను ఒక క్లాసుకు గౌరవంగా పిలిచి రొయ్య గురించి అడిగించండి. ఇస్లామిక్ ధర్మశాస్త్ర శాఖను మజ్హబ్ అంటారు. షాఫీ మజ్హబ్‌లో రొయ్య హలాల్. హనఫీ అనే మరో శాఖలో నీటి జీవుల్లో చేపకే అనుమతి. రొయ్య చేప కిందికి వస్తుందా అన్నదానిపై పండితుల్లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మలేషియా, ఇండోనేషియాల్లో షాఫీ పద్ధతే ఎక్కువ. సరుకు ఏ దేశానికి వెళ్తుందో ముందు ఎందుకు కనుక్కోవాలో పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది.

ప్రమాణాలన్నీ బట్టీ పట్టించొద్దు. మలేషియావారి హలాల్ ఆహార ప్రమాణం ఎంఎస్ 1500 శ్రద్ధగా చదివిస్తే చాలు. ఇండోనేషియా 2014లో చేసిన హలాల్ చట్టం, హలాల్ మాంసం ఎగుమతులపై మన విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ డీజీఎఫ్‌టీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు పరిచయం చేయండి. ఆహార తయారీలో ప్రమాదాలను ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి హాసప్ (HACCP) మాత్రం గట్టిగా రావాలి, అది రాకపోతే ప్లాంటులో ఉద్యోగం దొరకడం కష్టం.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ ఇవ్వాల్సింది ఈ అభ్యాసానికే. బ్రెడ్ పొడి అద్దిన రొయ్యల ప్యాకెట్ ఒకటి తెచ్చి, వెనక ఉన్న పదార్థాల జాబితా పిల్లల చేత చదివించండి. షాఫీ పద్ధతి పాటించే దేశాలకైతే రొయ్యతో పెద్దగా చిక్కు లేదు, దాన్ని జబా చేయక్కర్లేదు. చిక్కంతా పైపూతలోనే. 471 నంబరుతో రాసే ఎమల్సిఫైయర్ (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచేది) పామాయిల్ నుంచి రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. పిండిని మెత్తబరచే 920 నంబరు పదార్థాన్ని పక్షుల ఈకల నుంచి, మనిషి వెంట్రుకల నుంచి కూడా తీస్తారు. ఫ్లేవర్‌ను ఆల్కహాల్‌లో కరిగించి ఉండొచ్చు. లేబుల్ చూసి ఇవేవీ తేలవు. ఒక్కో పదార్థం మూలం అడుగుతూ సప్లయర్‌కు ఉత్తరం రాయించండి. వచ్చిన జవాబులో బ్యాచ్ నంబరు, తేదీ, సంతకం ఉన్నాయో లేదో వాళ్లనే చూడమనండి. "మా సరుకు మంచిదే" అని రాసిస్తే ఒప్పుకోకూడదు.

తర్వాత చెరువు గట్టుకు తీసుకెళ్లండి. ఇస్లాం దృష్టిలో అపవిత్రమైన మేత కావాలని, ఎడతెగకుండా పెట్టి పెంచిన నీటి జీవులు హలాల్ కావని ఎంఎస్ 1500 అంటుంది. అందుకని మేత బస్తా మీద ఏముందో రాసుకోవాలి. రాయనివాటి గురించి మేత కంపెనీని అడగాలి.

డిగ్రీలో ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది. దాన్ని సర్టిఫికెట్ కోసం కాకుండా ప్లాంటు క్వాలిటీ విభాగంలో చేయించండి. ఉద్యోగ ప్రకటనల్లో హలాల్ అన్న మాట అరుదు. క్వాలిటీ అస్యూరెన్స్, ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ అనే పేర్లతో వెతకమనండి. పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌తో చేసిన క్యాప్సూల్స్ కారణంగా మందుల కంపెనీల్లోనూ ఈ పని ఉంటుంది. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ రొయ్యల ప్యాకెట్ ఫైలు, సప్లయర్ల జవాబులతో సహా, వెంట తీసుకెళ్లమనండి.