లష్కర్ బోనానికి కుండ సిద్ధం చేయడం

హైదరాబాద్‌లో ఆషాఢ బోనాలు గోల్కొండలో మొదలవుతాయి. తర్వాత లష్కర్ అని పిలిచే సికింద్రాబాద్‌లో ఉజ్జయిని మహంకాళికి, ఆపైన లాల్‌దర్వాజకు. మీ వాడ వంతు ఏ ఆదివారమో ముందే కనుక్కోండి.

మట్టికుండ అయితే ముందురోజే కొని రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. అప్పుడే పగుళ్లు, చెమ్మ బయటపడతాయి. ఆరాక పసుపు పూసి, అది పూర్తిగా ఎండాకే కుంకుమ బొట్లు పెట్టండి. తడి మీద పెడితే కారిపోతాయి.

పావుకిలో బియ్యం లీటరు పాలలో మెత్తగా ఉడికించి, పొయ్యి దించి కాస్త చల్లారాకే బెల్లం కలపాలి. ముందే వేస్తే పాలు విరుగుతాయి, బియ్యమూ పలుకుగానే ఉండిపోతుంది. అన్నం గోరువెచ్చగా అయ్యాకే కుండకెత్తండి, లేకుంటే నెత్తి కాలుతుంది.

కుండ మెడకు వేపమండలు కట్టి, మూతిమీద ముంత, దానిపై ప్రమిద పెట్టాలి. అందరూ తడబడేది ఇక్కడే: ప్రమిద నిండా నూనె పోస్తారు. సగమే చాలు, నడకలో తొణకదు. వేపాకు కొసలు వత్తికి తగలకుండా కిందికి వంచండి. నెత్తిమీద చుట్టకుదురు మందంగా ఉండాలి; నైలాన్ గుడ్డ జారుతుంది, పాత నూలు చీరే మేలు.

రంగం, అంటే అమ్మవారు పూనిన మహిళ చెప్పే భవిష్యవాణి చూడాలనుంటే లష్కర్‌లో బోనాల మర్నాడు సోమవారం పొద్దున్నే చేరుకోండి.