పిల్లల పళ్ళెం, నాలుగో పాఠం: ఆకలి ఎటు పోయింది?

ముందు నా తప్పు దిద్దుకోవాలి. మూడో పాఠంలో ‘క్యారెట్ మెత్తగా ఉడికించి, ముక్కలు చేసి చేతికివ్వండి’ అని రాసి ఊరుకున్నాను. ఎలాంటి ముక్కలో రాయలేదు, అది అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. చాలామంది గుండ్రటి బిళ్ళలుగా తరిగారు. ఇద్దరు ముగ్గురు పిల్లలకి పొలమారి, ఇంట్లోవాళ్ళంతా హడలిపోయారు. ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లల్లో గాలిగొట్టం దాదాపు వాళ్ళ చిటికెన వేలంతే ఉంటుంది. గుండ్రంగా, జారుడుగా ఉన్న ముక్క దానికి మూతలా బిగుసుకుంటుంది. అందుకని క్యారెట్‌ని నిలువుగా, మీ వేలంత పుల్లల్లా కోయండి. రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలిగిపోయేదాకా ఉడకాలి. ద్రాక్షపళ్ళు, చిన్న టమాటాలు నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. పచ్చి యాపిల్ అయితే తురమండి. బాదం, జీడిపప్పు, వేరుశనగ లాంటివి ఐదేళ్ళదాకా గింజలుగా వద్దు, మెత్తగా పొడి చేసి కలపండి.

ఓకరించినంత మాత్రాన కంగారు పడొద్దు. దగ్గుతూ, చప్పుడు చేస్తున్న బిడ్డ మామూలుగా తనే ముక్కని బయటికి తెచ్చేస్తుంది. చప్పుడే లేకుండా అయిపోతే మాత్రం ప్రమాదం. అప్పుడేం చేయాలో, తెలిసినవాళ్ళని ఒకసారి చేసి చూపించమని అడిగి నేర్చుకోండి. చదివి వచ్చే విద్య కాదది.

ఇక అసలు గొడవకి వద్దాం. కిందటి పాఠం చేసి చూసినవాళ్ళలో సగానికి పైగా ఒకటే మాట చెప్పారు: ‘అంతా మీరు చెప్పినట్టే చేశాం, రెండు ముద్దలు తిని మొహం తిప్పేసుకుంది.’ కొత్త వంటలు చెప్పమని అడిగారు. ఈసారి పది వంటలు రాద్దామనే నేనూ మొదలుపెట్టాను. కానీ తినని పిల్లలు ముందు రోజు ఏమేం తాగారో అడిగి చూశాక ఆ జాబితా పక్కన పెట్టేశాను. పొద్దున లేవగానే ఒక సీసా పాలు, పదింటికి ఇంకోటి, మధ్యాహ్నం నిద్రకి ముందు ఒకటి, రాత్రికి ఒకటి. మధ్యలో బిస్కెట్. అన్నం తినలేదని బాధపడి, దాని బదులు మళ్ళీ పాలు!

ఇది నాకు ఎంత విసుగంటే, నాలుగు పాఠాలకి సరిపడా రాయగలను. ఒక్కసారి లెక్క చూడండి. రెండేళ్ళ బిడ్డకి రోజుకి కావలసింది సుమారు 1,000 కేలరీలు. వెన్న తీయని ఆవుపాలు 100 మిల్లీలీటర్లలో 60 కేలరీల పైనే ఉంటాయి. అంటే 200 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు తాగితే సగం రోజు తిండి అయిపోయినట్టే. ఆ కడుపుతో మీరు చేసిన పప్పన్నం ఎందుకు తింటుంది? మీరైనా తినరు.

కడుపు నిండితే నిండిందిలే అనుకోవడానికీ లేదు. ఒకటి నుంచి మూడేళ్ళ బిడ్డకి రోజుకి 7 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పాలలో ఇనుము దాదాపు లేనట్టే. పైగా పాలలోని కాల్షియం, తిండిలోని ఇనుముని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. పాలు ఎక్కువ, తిండి తక్కువ అయిన బిడ్డకి రక్తహీనత రావచ్చు. రక్తహీనత వస్తే ఆకలి ఇంకా తగ్గుతుంది. ఆకలి తగ్గిందని మళ్ళీ సీసా. ఏడాది దాటాక రోజు మొత్తానికి 350 నుంచి 400 మిల్లీలీటర్ల పాలు చాలు. పెరుగు, చీజ్ తింటుంటే ఇంకా తక్కువైనా ఫరవాలేదు. తల్లిపాలు తాగే పిల్లలకి ఈ కొలత వర్తించదు, కానీ భోజనానికి ముందు కాకుండా తర్వాత ఇవ్వడం వాళ్ళకీ మంచిదే.

తగ్గించడం ఒక్కరోజులో జరగదు. ప్రతి రెండు రోజులకీ ఒక్కో సీసాలో 30 మిల్లీలీటర్లు తగ్గించుకుంటూ రండి. కొందరు పాలలో నీళ్ళు కలుపుతారు. నేను కలపను, ఆ రుచి నాకే నచ్చదు. సీసా మాన్పించి గ్లాసులో ఇస్తే సగం పని అదే అవుతుంది. సీసాతో పడుకుని తాగినన్ని పాలు గ్లాసుతో కూర్చుని ఎవరూ తాగరు. పళ్ళరసం అసలు లేకపోయినా నష్టం లేదు. తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఏడుస్తుంది, నిజమే. మా రెండోవాడు మూడు రోజులు ఇల్లు పీకి పందిరేశాడు. నాలుగో రోజు ఉడికించిన గుమ్మడికాయ ముక్క వాడే తీసుకుని తిన్నాడు.

ఇంకో మాట. పుట్టినప్పటి బరువు ఏడాదికి దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. అందుకే ఆకలి సహజంగానే తగ్గుతుంది. వడ్డించేటప్పుడు కొలత ఇది: వయసు ఎన్నేళ్ళో, ఒక్కో పదార్థం అన్ని పెద్ద చెంచాలు. రెండేళ్ళ బిడ్డకి రెండు చెంచాల అన్నం, రెండు చెంచాల పప్పు, రెండు చెంచాల కూర. అడిగితే మళ్ళీ పెడతాం. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మన చేతిలో ఉంది. ఎంత తినాలో వాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి.

ఇప్పుడు వంటలు. పిల్లల కోసం వేరే గిన్నె పొయ్యి మీద పెట్టడం నాకిష్టం లేదు. మీ కోసం చేసేదానిలోంచే, ఉప్పూ కారం వేయకముందు, రెండు గరిటెలు పక్కకి తీసేయండి. మూడేళ్ళదాకా రోజంతటికీ కలిపి ఉప్పు 2 గ్రాములు దాటకూడదు. బ్రెడ్, చీజ్‌లలోనే అందులో చాలా భాగం వచ్చేస్తుంది.

నా మొదటి ఓటు గుడ్డుకి. ఐదు నిమిషాల పని, ఇనుము ఉంది, మెత్తగా ఉంటుంది. పాలకూర సన్నగా తరిగి గిలక్కొట్టిన గుడ్డులో వేసి పల్చటి అట్టులా పోసి, వేలంత పీలికలుగా కోస్తే ముందు పూట తినొచ్చు, మిగిలింది సాయంత్రం తినొచ్చు. ఉడికిన గుడ్డు పెరుగుతో చిదిమి బ్రెడ్ మీద రాయొచ్చు. మిగిలిన అన్నం, బఠాణీలు గుడ్డుతో కలిపి వేయించొచ్చు, బఠాణీలు మాత్రం నలపండి. అరటిపండు చిదిమి గుడ్డు కలిపి చిన్న అట్లు పోయండి, చక్కెర అక్కర్లేదు. ఉడికిన బంగాళాదుంప, గుడ్డు, కాస్త చీజ్ కలిపి బిళ్ళలుగా కాల్చండి. ఏ రకంగా చేసినా సొన గట్టిపడేదాకా ఉడకాలి.

పప్పులో టమాటా వేయండి, లేదా దించాక నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. విటమిన్ సి ఉంటే పప్పులోని ఇనుము బాగా ఒంటపడుతుంది. చేపలో ముళ్ళు తీసి, వేళ్ళతో మళ్ళీ తడిమి చూడండి. చికెన్ ముక్కలకన్నా ఖీమా సులువు. ఓట్స్ నాకు పడవు, మీకు పడితే పండు కలిపి పెట్టండి.

మిగిలిన అన్నం గురించి ఒక్క జాగ్రత్త: గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాటికల్లా వాడేయాలి, పొగలు వచ్చేలా ఒక్కసారే వేడిచేయాలి. అన్నంలో ఉండే ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

అభ్యాసం: కష్టమైనదే ఇస్తున్నాను. మూడు రోజులు బిడ్డ నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ టైముతో సహా రాయండి. పాలు మిల్లీలీటర్లలో, తిండి చెంచాల్లో, నానమ్మ చాటుగా పెట్టిన బిస్కెట్‌తో సహా. పళ్ళెంలో వదిలేసింది కొలిచి లెక్కలోంచి తీసేయండి. మూడు రోజుల పాల మొత్తాన్ని మూడుతో భాగించండి. 500 దాటితే కొత్త వంటల జోలికి పోకుండా ముందు సీసాల పని చూడండి.

దాంతోపాటు బిడ్డ ఛీ అన్న కూరగాయ ఒకటి ఎంచుకోండి. నెలలో పదిసార్లు, ఒక్కో చెంచా, తనకిష్టమైనదాని పక్కన పెట్టండి. తినమని బతిమాలొద్దు, పొగడొద్దు. ముట్టుకుంటే కాగితం మీద ఒక గీత, నాకితే రెండు, మింగితే మూడు. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు పట్టడం మామూలే, కాబట్టి ఐదోసారికి ఒక్క గీతే ఉందని కాగితం చించేయకండి. ఐదో పాఠం ఆ గీతలు చూసుకుంటూనే మొదలవుతుంది.