మోకాలి నొప్పి ఉన్నవారు బరువు తగ్గడం ఎలా?

మోకాలి నొప్పితో ఆసుపత్రికి వెళ్లినవారికి 'గుజ్జు అరిగిపోయింది, బరువు తగ్గండి' అన్న మాట తరచుగా వినబడుతుంది. అది సరైన సలహాయే అయినా, ఎంత తగ్గాలో, నడవడమే కష్టమైనప్పుడు ఎలా తగ్గాలో చాలామందికి ఎవరూ వివరించరు.

మొదట లెక్క చూసుకోవాలి. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సూచిక, వస్తుంది. భారతీయులలో అది 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా పరిగణిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు ఉన్న మహిళ బీఎంఐ 31 దాటుతుంది. ఆమె 25కు రావాలంటే 16 కిలోలు తగ్గాలి. ఆ అంకె చూసి నిరుత్సాహపడనక్కర్లేదు, ఎందుకంటే నొప్పిలో తేడా తెలియడానికి ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం, అంటే 4 నుంచి 8 కిలోలు తగ్గినా చాలు. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో జరిపిన దీర్ఘకాలిక అధ్యయనంలో, పదేళ్లలో సుమారు 5 కిలోలు తగ్గిన మహిళలకు మోకీళ్ల అరుగుదల ముప్పు సగానికి పైగా తగ్గినట్లు 1992లో వెల్లడైంది.

కారణం బరువు మోయడం ఒక్కటే కాదు. శరీరం బరువు పడని చేతివేళ్ల కీళ్లు కూడా ఊబకాయుల్లో ఎక్కువగా అరుగుతాయి, ఎందుకంటే కొవ్వు కణజాలం నుంచి వాపును పెంచే రసాయనాలు రక్తంలో కలుస్తుంటాయి. ఎముకల విషయంలో మరో భ్రమ ఉంది. లావుగా ఉన్నవారి ఎముకలు స్కానింగులో దట్టంగానే కనిపించవచ్చు. అయినా వారిలో చీలమండ విరగడం ఎక్కువే. విటమిన్ డి కొవ్వులో నిలిచిపోయి రక్తంలో తక్కువగా ఉండడమూ సాధారణమే.

ఇక చేయవలసిన పని. చాలామంది మొదటిరోజే గంటసేపు నడిచి, మర్నాడు మంచం పట్టి, వ్యాయామం తమకు పడదని నిర్ణయించుకుంటారు. నా దృష్టిలో నడక కంటే ముందు తొడ కండరాన్ని బలపరచుకోవాలి. కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద మడత పెట్టిన తువ్వాలు ఉంచి, దాన్ని మోకాలితో 5 సెకన్లపాటు కిందికి నొక్కి వదలాలి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు రెండు పూటలా చేయాలి. తరువాత కాస్త ఎత్తయిన కుర్చీలోంచి చేతుల ఊత లేకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టవచ్చు. రెండు మూడు వారాల తరువాత పూటకు 10 నిమిషాల చొప్పున నడవాలి. వ్యాయామం వేళ కొద్దిగా నొప్పి రావడం సహజమే కానీ, మర్నాటి ఉదయానికీ అది తగ్గకపోయినా, మోకాలు వాచినా, చేసేదాన్ని సగానికి తగ్గించాలి. ఊతకర్రను నొప్పి లేని కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మెట్లు దిగడం కొంతకాలం తగ్గించుకోవాలి. కాలినడకన తిరుమల కొండ ఎక్కే మొక్కు ఉన్నవారు దాన్ని కొన్నాళ్లు వాయిదా వేసుకుంటే స్వామి కోపగించుకోడు.

భోజనంలో అన్నం పూర్తిగా మానేయనక్కర్లేదు. పళ్లెంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోటులో అన్నం పెట్టుకుంటే పరిమాణం దానంతట అదే తగ్గుతుంది. రోజుకు నాలుగు కప్పుల టీలో రెండేసి చెంచాల పంచదార వేసుకునేవారికి ఆ పంచదార నుంచే సుమారు 160 కేలరీలు అందుతాయి. తగ్గుదల వారానికి అర కిలో నుంచి కిలో లోపు ఉండాలి. అంతకంటే వేగంగా తగ్గితే కొవ్వుతోపాటు కండరం, ఎముక కూడా కరుగుతాయి. అందుకే పూటపూటకూ పప్పు, గుడ్డు, చేప, పెరుగులలో ఏదో ఒకటి ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మాంసకృత్తులు ఎంత తీసుకోవాలో వైద్యుడిని అడగాలి.

నొప్పి మాత్రలను సొంతంగా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చినా, మోకాలు ఉన్నట్టుండి పట్టేసి కదలకపోయినా ఈ వ్యాయామాలు ఆపి, అదే రోజు వైద్యుడికి చూపించాలి.