ఆటోనగర్‌లో మెకానిక్ మాట అర్థం కావాలంటే

బెజవాడ ఆటోనగర్‌లో బైక్ ఇచ్చేటప్పుడు ‘సరే కానీయండి’ అనే ముందు ఒక్క నిమిషం ఆగండి. ముఖ్యంగా ‘బోరుకొచ్చింది సార్’ అన్నప్పుడు. సిలిండర్ లోపలి గోడ, పిస్టన్ రింగులు అరిగి, ఆయిల్ పైకెక్కి కాలుతోందని దానర్థం. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది. అది ఎప్పుడొస్తోందో చూడండి. పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు (వాల్వ్‌ల పక్కనుంచి ఆయిల్ లోపలికి దిగకుండా ఆపేవి) పోయి ఉండొచ్చు, ఖర్చు తక్కువ. ఎక్సలేటర్ తిప్పిన ప్రతిసారీ వస్తుంటే మాత్రం హెడ్, అంటే సిలిండర్ పైమూత, దింపాల్సిందే. సిలిండర్ లేత్ షాపుకెళ్తుంది. అక్కడ బోరు కొట్టి, అంటే లోపలి గోడను కాస్త వెడల్పుగా కోసి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. అరుగుదల కొలిచి చూపించమనండి, మొహమాటం వద్దు.

‘మిస్సింగ్ కొడుతోంది’ అంటే ఇంజన్ మధ్యమధ్యలో మండక తడబడుతోందని. ముందు స్పార్క్ ప్లగ్ విప్పించండి. పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోందన్నమాట.

‘టాపెట్ల సౌండ్’కి, అంటే వాల్వ్‌లను నొక్కే భాగాల దగ్గర గ్యాప్ పెరిగి వచ్చే టకటకకి, టెన్షన్ అక్కర్లేదు. ఇంజన్ చల్లబడ్డాక గేజీ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి ఆ గ్యాప్ సరిచేస్తారు. వేడి మీదే చేసేస్తానంటే, నేనైతే బండి అక్కడే పెట్టి టీకి పోతాను.

‘ఇంజన్ పట్టేసింది’ అన్నారా, పిస్టన్ ఇరుక్కుపోయిందని. ఇక కిక్ కొట్టకండి, బోరు మీద గీతలు ఇంకా లోతుగా పడతాయి.